చేతికందని ఇల్లు

పర్వతాలు ఇంట్లో ఏ వస్తువూ చేతికందే చోట ఉండదు. ఉప్పు కావాలంటే మునివేళ్ల మీద నిలబడి అటక మీదికి చేయి చాపాలి. కారం కావాలంటే గొంతుక్కూర్చుని గట్టు కింద మూలకు దూరాలి. అగ్గిపెట్టె కోసం నడుము ఎడమకు తిప్పాలి, పట్టుకారు కోసం కుడికి. ఇందులో ఇల్లు కట్టిన మేస్త్రీ నేరమేమీ లేదు. మచ్చబొల్లారంలో అందరి ఇళ్లలాగే ఆ వంటింట్లోనూ నడుమెత్తున చక్కటి అరలున్నాయి. అవి మాత్రం ఖాళీగా ఉంటాయి.

రెండువేల మూడు మాఘంలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన లతకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మర్నాడు పొద్దున చాయ పెడదామని వంటింట్లోకి వెళ్లింది. చాయపత్తికి ఎగిరి, చక్కెరకు కూర్చుని, వడపోసే జాలికి వంగి, గిన్నెకు మళ్లీ ఎగిరి, చాయ మరిగేసరికి తనూ మరిగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మామ పర్వతాలు పెదవి విరిచాడు.

"సెయ్యి ఎక్కువ లేసింది బిడ్డా, మోకాలు తక్కువ వంగింది. బరాబర్ గాలే. గా చక్కెర డబ్బా మల్ల కింద వెట్టి, మల్ల తియ్యి."

"చాయల చక్కెర ఏసేసిన గద మామా?"

"చాయకోసం గాదు, నీకోసం. నా చాయల అయితే ఎయ్యనే ఎయ్యకు. నాకు షుగరున్నది."

పర్వతాలు కొలువు చేసినన్నాళ్లు మేడ్చల్లో ఒక బియ్యం మిల్లు కాటా దగ్గర పనిచేశాడు. మిల్లు మూతపడి ఇంటికొచ్చాక తూచడానికి బస్తాలు లేక మనుషుల మీద పడ్డాడు. "ఒళ్లు గూడ కాటానే" అనేవాడు. "మీదికి సాపితే కిందికి కూసోవాలె. ముంగటికి నూకితే ఎనుకకు గుంజాలె. గింతే! దీనికి పైసలు వెట్టి జిమ్ములకెందుకు వోవుడు? ఇల్లే తాలీంఖాన." అందుకే వీధి గేటుకు నూనె వేయనివ్వడు, భుజమిచ్చి నూకాలని. బీరువా సొరుగు బిగుసుకుపోతే బాగుచేయనివ్వడు, పళ్లు కరిచి గుంజాలని. ఇంత చెప్పే మనిషీ బనీను కింద నుంచి తొంగిచూసే బొజ్జతో పగలంతా వసారాలో కుర్చీ దిగడు. నడవమని డాక్టరు చెబితే, "నేను నేర్పెటోన్ని. నేర్పెటోడు ఉరుకుతడా?" అన్నాడట.

"అత్తమ్మా, మామ మొదటినుంచి ఇంతేనా?" అని లత అడిగితే, అత్త దుర్గాబాయి అటక నుంచి పప్పు డబ్బా దింపుతూ ఆయాసపడింది. "నన్నడగకు బిడ్డా. ముప్పై ఏండ్ల కాపురం గీ నడుమనే అటకెక్కింది."

కూతుర్ని చూద్దామని శామీర్‌పేట నుంచి వచ్చిన జంగయ్యకూ తప్పలేదు. వియ్యంకుడన్న మర్యాదేదీ పర్వతాలు కాటాకు ఎక్కదు.

"బావా, కుర్సీలకెళ్లి లేశేటప్పుడు చేతులు ఆనొద్దు. తొడల బలంతోని లెవ్వాలె."

"పోయొస్త బావా, నా చెప్పులేయి?"

"కిటికి మీదున్నయి. తీసుకో, భుజాలు కదులుతయి."

జంగయ్య చెప్పులు దింపుకుని, గేటు గుంజి గుంజి, బయటపడ్డాక కూతురి చెవిలో అడిగాడు. "మీ మామకు ఎవలన్న మందు వెట్టిండ్రా బిడ్డా?"

ఇవన్నీ లత నవ్వుకునే భరించింది. భరించలేనిది ఒక్కటే, సుక్కమ్మవ్వ ఆకు వక్కల డబ్బా.

సుక్కమ్మ పర్వతాలు తల్లి. అంతకుముందు దీపావళికి బోరింగు దగ్గర జారిపడి తుంటి విరిగితే రాడ్డు వేశారు. ఎముక అతికింది గానీ ముసలమ్మకు మనసు అతకలేదు. తనంతట తను మంచం దిగదు. కాపురానికొచ్చిన ఏడాది నుంచి ఆషాఢంలో మైసమ్మకు ఆ ఇంటి బోనం ఆమె నెత్తిమీదే పోయేది. "ఈ యేడు నువ్వెత్తుకో బిడ్డా. నా పని ఒడిసింది" అని లతతో చెప్పి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాట లతకు ముల్లులా గుచ్చుకుంది. పుట్టింట్లో నాయనమ్మ ఒడిలో పెరిగిన పిల్ల. అవ్వ మళ్లీ నడవాలని, ఆ బోనం అవ్వే ఎత్తుకోవాలని రోజూ మైసమ్మకు మొక్కుకునేది.

అట్లాంటి మనిషి డబ్బాను కూడా పర్వతాలు దాచేవాడు. ఒకనాడు గూట్లో, ఒకనాడు కిటికీలో, ఒకనాడు పక్కగదిలో పీట కింద. అవ్వ శాపనార్థాలు పెట్టుకుంటూ, గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ వెతుక్కునేది.

"నీ కాటా మన్నువడ! నా డబ్బా ఏడవెట్టినవ్ రా?"

"యాడనో ఉన్నది, సూస్కో!" అని వసారాలోంచి కొడుకు.

లతకు ఒళ్లు మండింది. 'కన్నతల్లి మీద కూడానా ఈ పిచ్చి!' అనుకుని, ఒకరోజు డబ్బా తెచ్చి అవ్వ దిండు పక్కనే పెట్టింది. పర్వతాలు వేరే చోట పెడితే మళ్లీ తెచ్చి పెట్టింది. అవ్వ చల్లగా మంచంలోనే నమిలింది, మంచంలోనే కునికింది. వారం తిరిగాక బయటికి పోదామని లేవబోతే కాళ్లు వణికి పక్కకు తూలింది. లత పరుగున పట్టుకోకపోతే మళ్లీ దవాఖానే.

పర్వతాలు కేకలేయలేదు. లతను పెరట్లోకి పిలిచి, దండెం కింద నిలబడ్డాడు. లోపలికి వినబడకుండా చెప్పాడు.

"లెవ్వాలె, కూసోవాలె, నడవాలె, లేకుంటే మంచానికే అంటుకపోతదని డాక్టర్ జెప్పిండు బిడ్డా. కసరత్తు జెయ్యమ్మా అంటే, ముసల్దాన్ని పయిల్వాన్ను జేస్తవారా అని తిట్టింది. అమ్మ ఒక్కదాని డబ్బానే దాస్తే సమజయితది, మొండికేస్తది. అందుకే ఇంట్ల అందరియి దాస్తున్న. అందరు నన్ను పిచ్చోడంటె అననీ. అమ్మకు తెల్వొద్దు."

లతకు ఏడుపొచ్చింది. దాంతోపాటు, ఒక్క డబ్బా కోసం ఇంటిల్లిపాదినీ ఎగిరించిన మనిషిని తలచుకుని నవ్వూ వచ్చింది.

మర్నాటి నుంచి డబ్బా దాచే పనిలో లతా చేరింది. అవ్వ తిట్లలో కోడలి పేరూ చేరింది. చైత్రం పోయింది, ఎండలు పోయాయి. అవ్వ చేయి గోడను వదిలింది. ఆషాఢంలో బోనం రోజు, లత పసుపు పూసిన కుండను ఎత్తుకోబోతుంటే సుక్కమ్మ కొత్తచీరలో గుమ్మంలో నిలబడింది.

"ఇటు దే. నేనుండంగ నీ నెత్తికెందుకు?"

గల్లీ చివరి మైసమ్మ గుడి దాకా డప్పు ముందు నడిచింది, వెనక అవ్వ నడిచింది. పక్కనే పర్వతాలు రెండు చేతులూ చాపి, తల్లిని ముట్టకుండా, కోడిపిల్లను తోలుతున్నట్టు నడిచాడు. గుడి ముందు బోనం దించాక గోడ చాటుకు పోయి పైపంచెలో ముఖం దాచుకుని ఏడ్చాడు.

మర్నాడు లత లేచేసరికి వంటింట్లో ఉప్పు, కారం, చక్కెర అన్నీ నడుమెత్తు అరల్లోకి దిగి ఉన్నాయి. పర్వతాలు పిచ్చి ఒక్క రాత్రిలో కుదిరింది. లత వంగకుండానే చాయ పెట్టింది, పెడుతున్నంతసేపూ ఏదో వెలితిగానే ఉంది. అంతలో వసారాలోంచి కేక వినిపించింది.

"నా కండ్లద్దాలు ఏడవాయె?"

"ఏమో బిడ్డా, మంచం కింద సూడు" అంది సుక్కమ్మ, కదలకుండా.

పర్వతాలు వంగి, మంచం కింద దూరి, రొప్పుతూ లేచాడు. "ఈడ ఏం లేవమ్మా."

"అయితే అటక మీద సూడు."

అవ్వకు చాయ ఇవ్వబోయిన లతకు, ఆమె కొంగు ముడిలో అద్దాల కాడ కనిపించింది. నోరు తెరవబోతే అవ్వ చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"మొదాలు నిజంగనే పానం ఇసిగింది బిడ్డా. గని వాడు రోజు కోడి కూయంగనే లేశి, వంగుకుంట ఎగురుకుంట ఇంటెడు సామాన్లు దాస్తుంటె మంచంల పండుకోని సూశిన. డాక్టర్ నడువుమంటె ఇనలే, నా డబ్బా దాసనీకి ఒళ్లు వంచిండు. షుగర్ దిగిందట, బొజ్జ దిగింది. నేను తిట్టకపోతే దాస్తడా? అందుకే తిట్టుకుంట ఎతికిన. ఇప్పుడు దాసుడు బందువెట్టిండు, మల్ల కుర్సీల కూలవడతడు."

"మామ పరేషానవుతుండు, ఇచ్చెయ్యవ్వా" అంది లత, నవ్వాపుకుంటూ.

లోపల పర్వతాలు మునివేళ్ల మీద లేచి అటక తడుముతున్నాడు. సుక్కమ్మ తల పక్కకు వంచి కొడుకుని ముచ్చటగా చూసుకుంది.

"ఆగే. వానికింక సెమట వట్టలే."