అంటు లేనివాడు

నాన్న పోయాక మా ఇంట్లో ఉండేది అమ్మా నేనూ ఇద్దరమే. కానీ లెక్కకి ముగ్గురం. ఆ మూడోవాడు నాకన్నా ముందు, బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లో ఓ పొద్దున పుట్టాడు. వర్క్‌షాపు మధ్యాహ్నం సైరన్ మోగేలోపు పోయాడు. నాన్న తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లాడు. ఎక్కడ పెట్టాడో అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు.

పోయినవాడు పోయినట్టు ఉంటే బాగుండేది. అమ్మ మాటల్లో వాడు పెరిగాడు. నేను లెక్కల్లో తప్పితే, వాడుంటే తప్పేవాడు కాదు. నేను ఎదురు మాట్లాడితే, వాడికి ఎదురు మాట్లాడటమే తెలియదు. నాన్న రిటైరయ్యాక ఊరి పక్క ఝపటాపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని వచ్చేస్తే, సామానుతోపాటు వాడూ వచ్చాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు, ప్రమోషన్లు కొట్టి మేస్త్రీ అయ్యాడు. ప్రతి ఇంట్లోనూ కొడుకులు తాగొస్తారు, పెళ్లాం వచ్చాక వేరు కాపురం పెడతారు. మా అమ్మ కొడుకు టీ కూడా ఎక్కువ తాగడు. చచ్చినవాడి కళ్లు చారెడేసి అని ఊరికే అన్నారా? "ఆడుంటే" అని అమ్మ మొదలుపెడితే చాలు, నాకు ఒళ్లు మండేది. కంచం ముందునుంచి లేచిపోయిన పూటలు ఉన్నాయి.

నా పేరు కూడా వాడి పుణ్యమే. ఆడపిల్లగా నేను పుట్టగానే, వాడిలా నేనూ పోతానేమోనని భయపడి, నన్ను పక్క క్వార్టరావిడకి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారు. అలా కొన్న పిల్లలకి మా శ్రీకాకుళం వైపు తవుడు పేరే పెడతారు. పేరు పెట్టించుకునేదాకా ఆగే తీరిక వాడికి లేకపోయింది, నేను మాత్రం జన్మంతా తవుడు మోస్తున్నాను. బెంగాలీ టీచర్లు ఆ పేరు పలకలేక పడ్డ పాట్లు చెబితే ఈ పేజీ చాలదు.

నేను కెమిస్ట్రీ చదివాను, బడిలో చెప్పాను, ఇప్పుడు ముందు గదిలో ట్యూషన్లు చెబుతున్నాను. మూలకాల పట్టికలో అట్టడుగు వరస దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు మా ఇల్లే గుర్తొస్తుంది. ఆ వరస చివర్లో ఉన్నవి మట్టిలోనో రాతిలోనో దొరికేవి కావు. ఒక పరమాణువును ఇంకో పరమాణువు మీదికి విసిరి, అతికిస్తే పుడతాయి. చాలావరకు కళ్లు మూసి తెరిచేలోపు పోతాయి. మరి వాటి గుణాలు ఎలా తెలుసు? అదే నిలువు వరసలో పైన ఉన్నవాళ్లని చూసి ఊహిస్తారు. పైన పాదరసం ఉంటే కింద నూట పన్నెండోది పాదరసంలా ఉండాలి. పైన సీసం ఉంటే నూట పద్నాలుగోది సీసంలా ఉండాలి. తండ్రి ఫిట్టరు, తాత ఫిట్టరు, కాబట్టి కొడుకూ ఫిట్టరే. అచ్చం మా అమ్మ పద్ధతి.

అయితే ఆ పద్ధతి అన్ని చోట్లా నిలబడదు. మరీ బరువెక్కిన పరమాణువులో ఎలక్ట్రాన్ల నడక మారిపోతుంది. నూట పద్దెనిమిదోది, పైన ఉన్నవన్నీ వాయువులే అయినా, గడ్డగా ఉండొచ్చని లెక్కలు చెబుతున్నాయి. ఇది చదివిన రోజు నేను సంబరంగా అమ్మ దగ్గరికి వెళ్లి, నీ కొడుకు కూడా వర్క్‌షాపు గడప తొక్కకుండా ఏ జాత్రా నాటకాల వాళ్ల వెంటో పోయేవాడేమో అన్నాను. విసురుగా లేచి వెనక గదిలోకి పోయింది.

ఈ మధ్య ఒక సాయంత్రం తెలుగు పిల్లలకి పాఠం చెబుతున్నాను. ఒకమ్మాయి అడిగింది, సెకనో రెండు సెకన్లో ఉండి పోయేదానికి గుణం ఉందని ఎలా అంటారని. మంచి ప్రశ్న. బంగారం పూత పూసిన సన్నటి దారి ఒకటి ఉంటుంది, ఒక కొస వెచ్చగా, రెండో కొస గడ్డకట్టేంత చల్లగా. ఆ దారిలోకి పరమాణువును గాలితో పంపుతారు. పాదరసం మొదట్లోనే బంగారానికి అంటుకుపోతుంది. నూట పన్నెండోది ఇంకాస్త దూరం పోయి అంటుకుంటుంది. నూట పద్నాలుగోది సీసమంత గట్టిగా అంటుకోదు. అంటు ఎంత గట్టిదో చూసి దాని స్వభావం పోలుస్తారు. ఇలా చెబుతుండగా వెనక గదిలో తోటకూర గిల్లుతున్న అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, గోడ పట్టుకుని నిలబడింది.

"ఎవలికే అంటు? ఎవలు పోనారు?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. మా ఇళ్లల్లో అంటు అంటే మైల, చావు పట్టిన ఇల్లు. అది కాదమ్మా, పరమాణువు బంగారానికి అంటుకోవడం అని సర్దిచెప్పాను. ఆమె నవ్వలేదు.

పిల్లలు వెళ్లాక నా ఎదురుగా వచ్చి కూర్చుంది. అది ఎంతసేపు బతుకుతుందని అడిగింది. చెప్పాను. అంతలోనే అంటుకుందని ఎలా తెలుస్తుందని అడిగింది. పోయినప్పుడే తెలుస్తుందమ్మా, అది పగిలిపోతుంది, ఎక్కడ పగిలితే అక్కడ గుర్తు పడుతుంది, అక్కడే అంటుకుని ఉందని రాసుకుంటారు అన్నాను.

తన చేతిని తిప్పి చూసుకుంది.

"ఆడు నా ఏలు పట్టుకున్నాడు. వదల్నేదు. మీ నాన్నే విడదీసినాడు."

ఈ మాట నేను ఎన్నడూ విననిది. వాడి ప్రమోషన్లన్నీ విన్నాను గాని, ఈ వేలు సంగతి వినలేదు. అప్పుడు మిగతాదీ చెప్పింది. పేరు పెట్టలేదు, పళ్లు రాలేదు, వాడికి అంటు ఏమిటని మా నానమ్మ తేల్చేసిందట. నాన్న మర్నాడే డ్యూటీకి వెళ్లాడు. అమ్మకి బాలింత పురుడు పట్టారు గాని చావు మైల పట్టలేదు. పుట్టుక ఉంది, చావు లేదు. వాడు మా ఇంట్లో ఎందుకు తిరుగుతున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

"నాను పోయేలోపు ఆడికి మైల పట్టాల. సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. ఆడికి అంటు ఉన్నాదా, నేదా?"

జవాబు తేలికే. ఉందనాలి. కానీ మైల పడితే వాడు చచ్చిపోతాడు. ఇక ఏ పూటా అమ్మ మాటల్లోకి రాడు, నన్ను ఏ విషయంలోనూ ఓడించడు. ఆమె కూడా వెళ్లిపోయాక, పెళ్లీ పిల్లలూ లేని నేను ఈ ఇంట్లో ఒక్కదాన్నే. ఇన్నేళ్లు వాడంటే గిట్టదనుకున్నాను. పోతాడంటే భయమేసింది. వాడు నాక్కూడా కావాలి, సిగ్గులేకుండా చెబుతున్నాను.

"ఉన్నాదమ్మా," అన్నాను.

పసివాళ్లకి మూడు రోజులు చాలంటారు. అమ్మ వెనక వరండాలో చాప వేసుకుంది. వేరే కంచంలో తింది, ఎవర్నీ తాకలేదు, దేవుడి దీపం పెట్టలేదు. పక్కింటి బెంగాలీ దీదీ పిండి అప్పిమ్మని వచ్చి, ఎవరు పోయారని అడిగింది. నా కొడుకు, అంది అమ్మ బెంగాలీలో. ఆవిడకి మా ఇంట్లో ఏ కొడుకూ తెలియదు. బిత్తరపోయి నావైపు చూసి, ఎప్పుడని అడిగింది. ఇప్పుడే, అంది అమ్మ.

ఆ మూడు రోజులూ ఆమె ఏడుస్తూనే ఉంది. కొత్త చావుకి ఏడ్చినట్టే, వెక్కుతూ. ఫిట్టరు కోసం కాదు, మేస్త్రీ కోసం కాదు. వాడు ఎలా ఉండేవాడో ఒక్క మాట అనలేదు. వాడి గుణాలన్నీ ఎక్కడికో పోయాయి.

మూడో రోజు నూతి గట్టు మీద పీట వేసి కూర్చోబెట్టి, తలమీద నీళ్లు పోశాను. ఎముకలు తప్ప ఏమీ లేని వీపు. తడి చీర మార్చుకుని, చెంబు నా చేతిలోంచి తీసుకుంది.

"నువ్వూ కూకో," అంది.

నాకెందుకన్నాను. ఆమెని ముట్టుకున్నందుకు కాళ్లూ చేతులూ కడుక్కుంటే సరిపోతుందనుకున్నాను.

"నీకు అన్న కాడేటే. నీకూ అంటు ఉన్నాది."

ఇన్నేళ్లలో వాడు నా కొడుకు అంది, ఆడు అంది. నీ అన్న అని ఎప్పుడూ అనలేదు, నేనూ అనుకోలేదు. పీట మీద కూర్చున్నాను. నా నెత్తిన నీళ్లు పోసింది. ముఖమైనా చూడని మనిషి కోసం నోరంతా తెరిచి ఏడ్చాను. ఆమె చెంబు ముంచుకుంటూ, పోస్తూనే ఉంది.