మల్లేశం మెడలో పతకం

రిటైరయ్యాక నాకు పరుగు అలవాటు చేసింది శంషాబాద్‌లో మా వీధి మల్లేశమే. మొదట్లో ఆయాసంతో కూలబడేవాణ్ణి. క్రమంగా విమానాశ్రయం రోడ్డు మీద కబుర్లు చెప్పుకుంటూ పది కిలోమీటర్లు హాయిగా పరుగెత్తేవాళ్లం. మొన్నటి పోటీలో చివరి గీత ఇద్దరం కలిసే దాటాలనుకున్నాం.

సగం దారిలో అతని మేనల్లుడు బండి మీద కనిపించాడు. "మోకాలు గుంజుతున్నదన్నా. నువ్వు మెల్లగ రా" అని మల్లేశం బండెక్కాడు. పాపం అనుకున్నాను.

నేను చివరి గీత చేరేసరికి మల్లేశం మెడలో పతకంతో నిలబడి, "మా అన్న గిట్లనే ఎన్కబడుతడు. నేనెప్పుడో ఉరికొచ్చిన" అంటున్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. నన్ను చూసి కూడా ఆపలేదు.

పతకం అడిగితే నాదే ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఇంకా ఎక్కువ దూరం, ఇష్టంగానే పరుగెత్తుతున్నాను. అతని గేటు ఎదురుపడకుండా వెనక సందులోంచి బయలుదేరుతున్నాను.