వచ్చినవాడు ఎక్కడ కూచున్నాడు?

మా టీచరమ్మ పోయింది. "పోయారు" అని రాయాలని నాకూ తెలుసు. కానీ మర్యాద కోసం మాటను సాగదీస్తే ఆమెకు గిట్టేది కాదు. "గౌరవం ఉంటే వేళకు రావయ్యా, క్రియాపదం చివర చూపించకు" అనేది.

కబురు తెచ్చింది రైల్వే పార్సిల్ ఆఫీసు గుమాస్తా. నేను మా షాపు ముందు ఎవరి సైకిలుకో గాలి కొడుతున్నాను. నమ్మలేదు. ఊళ్లో నేను ఆట పట్టించని మనిషి లేడు, ఇవాళ నా వంతు వచ్చిందనుకున్నాను.

"పొద్దుపొద్దున నేనే దొరికిన్నా నీకు?" అన్నాను.

"పరాచికం కాదే. చర్చికి పోదామని చెప్పులేసుకోనీకి కూసున్నదట. గట్లనే పానం పోయింది" అన్నాడు.

సైకిలువాడే నా చేతిలోంచి పంపు తీసుకుని, తన చక్రానికి తనే గాలి కొట్టుకుని వెళ్లిపోయాడు.

ఈ పత్రికలో నా కథలు చదివి మీలో కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది తిట్టారు. ఆ మెప్పులో టీచరమ్మకు వాటా ఉంది. తిట్లు మొత్తం నా సొంతం.

ఆమెది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. ఇక్కడి బడిలో పాఠాలు చెప్పి చెప్పి, మానుకున్నాక పద్మారావు నగర్‌లో తన వరండాలో శనివారం సాయంత్రాలు కథలు రాసేవాళ్లను కూచోబెట్టేది. రాసేవాళ్లు అంటే పెద్ద సభ అనుకునేరు. గుమాస్తా, నేను, గడియారాలు బాగుచేసే భాయి. నేను ఏడో తరగతిలోనే చదువుకు సలాం కొట్టినవాణ్ని. భాయి ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు గాని కథ మాత్రం తెలుగులోనే రాసేవాడు. ఎందుకని అడిగితే, "ఉర్దూల రాస్తే మా అబ్బా సదువుతడు" అన్నాడు.

ముందు చిన్న ప్రార్థన. కళ్లు మూసుకునేది గాని నా మీద ఒక కన్ను తెరిచే ఉంచేది. తర్వాత కసరత్తు. ఆ మాట ఆమెదే. "పహిల్వాను రోజూ కుస్తీ పట్టడయ్యా, రోజూ దండీలు తీస్తాడు" అనేది. కథ రాయమని ఏనాడూ అనలేదు. ఒకసారి నన్ను మా అత్త గురించి తిట్టు లేకుండా ఒక పేజీ రాయమంది. సాయంత్రమంతా చెమటోడ్చి ఒక వాక్యం రాశాను: "ఆమె బాగా నిద్రపోతుంది." టీచరమ్మ చదివి, "ఇందులో కూడా తిట్టావు" అంది.

మరోసారి నేను భాయి చాయ్‌లో ఉప్పు కలిపాను. అతను ముఖం మారనివ్వకుండా కప్పు ఖాళీ చేసి కింద పెట్టాడు. నేనే ఉండబట్టలేక, "ఎట్లున్నది భాయ్ చాయ్?" అని అడిగాను.

"టీచరమ్మ ఇంట్ల చాయ్‌కు వంక పెడ్తరారా, బేవకూఫ్" అన్నాడు.

టీచరమ్మకు సంగతి అర్థమైంది. ఆ రోజు కసరత్తు నా ఒక్కడికే: ఉప్పు చాయ్ తాగుతున్నవాడి లోపలి నుంచి రాయాలి. రాస్తుంటే, ఆ గుక్క గొంతు దిగేటప్పుడు అతను ఏమనుకున్నాడో తెలియక నా పెన్సిలు ఆగిపోయింది. ఆమె చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "వేసినవాడికి చెంచాడే. తాగినవాడికి కప్పంతా."

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. తిరుమలగిరి వైపు రోడ్డంతా మిలిటరీ లారీలు. భాయి దుకాణం మూతపడింది, శనివారాలు మనిషి కనిపించలేదు. ఊరు ఊరుకుంటుందా. కరాచీ పోయాడని ఒకరు, రజాకార్లలో తిరిగి ఇప్పుడు దాక్కున్నాడని ఒకరు, జైల్లో ఉన్నాడని మరొకరు. అక్కడి మాటా ఇక్కడి మాటా అతికించి మూడోది పుట్టించే మొనగాళ్లు మా బజార్లో తక్కువేం కాదు. నిజం మాత్రం ఎవరికీ తెలియదు.

చాలా నెలల తర్వాత ఒక శనివారం గుమాస్తా వస్తూనే చెప్పాడు. "భాయి మల్కాజ్‌గిరిల కనబడ్డడు. మామ ఇంట్ల ఉన్నడట. క్లాసుకు రమ్మన్న. వస్తే మొదటి సవాల్ ఏందో నాకెర్కే అన్నడు. ఇన్ని దినాలు యాడున్నవని. దినాం గదే జవాబు చెప్పి చెప్పి పరేషాన్ అయిండట. ఇగ కథలు గిథలు బంద్ అన్నడు."

ఆ మాట అంటూ గుమాస్తా నా వైపే చూశాడు. ఎందుకు చూశాడో నాకు తెలుసు.

టీచరమ్మ బ్లేడుతో పెన్సిలు మొన తేలేదాకా చెక్కింది. తర్వాత అంది: "కసరత్తు రాసుకోండి. కొందరు కూచుని ఉంటారు. చాలాకాలంగా కనబడని మనిషి లోపలికి వస్తాడు. ఎక్కడికి పోయావని ఎవరూ అడగరు. ఒక పేజీ."

నేను గబగబా రాసేశాను. నా కథలో వచ్చినవాణ్ని చూసి ఒకడు, "నువ్వు రావనుకొని నీ వంతు మిర్చీలు నేనే తింటున్న" అంటాడు. గుమాస్తా పడిపడి నవ్వాడు. టీచరమ్మ కూడా నవ్వింది. నవ్వి, "వచ్చినవాడు ఎక్కడ కూచున్నాడు?" అని అడిగింది.

పేజీ పైనుంచి కిందికి వెతికాను. ఎక్కడా కూచోలేదు.

"నీ జోకు గుమ్మానికి అడ్డంగా నిలబడిందయ్యా. పాపం అతను లోపలికి రాలేకపోయాడు. మళ్లీ రాయి."

ఈసారి కుర్చీ వేసి, అందరి కళ్లలో నీళ్లు పెట్టాను. "ఇదేమన్నా పరామర్శా? తుడిచెయ్" అంది. మూడోసారి, లోపలివాళ్లు ఏదో కొట్లాడుకుంటూ ఉంటారు. కొట్లాట ఆపరు. ఒకడు మాత్రం బెంచీ మీద కొంచెం పక్కకు జరుగుతాడు. ఆ పేజీ మీద ఆమె పెన్సిలు పెట్టలేదు. మడిచి గుమాస్తాకిచ్చి, "మల్కాజ్‌గిరి తీసుకెళ్తావా నాయనా?" అంది.

తర్వాతి శనివారం భాయి వచ్చాడు. మెట్ల దగ్గర ఆగాడు. బాగా చిక్కిపోయాడు. నాలుక దురద అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. నోరు మూసుకుని పక్కకు జరిగాను. అతను కూచుని, జేబులోంచి ఆ పేజీ తీశాడు.

"గిది ఎవరు రాసిన్రు? 'జరిగాడు'కు బండి ర పెట్టిన్రు" అన్నాడు.

గుమాస్తా దగ్గుతున్నట్టు నటించాడు. భాయి నన్ను ఎగాదిగా చూశాడు. "గీనికి జ్వరమా టీచరమ్మా? నోరు లేస్తలేదు."

"దండీలు తీస్తున్నాడులే" అంది ఆమె, అతని ముందు చాయ్ పెడుతూ.

ఆ నెలలన్నీ భాయి ఎక్కడున్నాడో ఇవాళ్టికీ నాకు తెలియదు. తెలుసుకోవాలని లేదంటే అబద్ధం. అతని కథలు మీరు ఈ పత్రికలోనే చదువుతున్నారు.

టీచరమ్మ సమాధి దగ్గర, మట్టి వేసే వేళకు వాన పడుతోంది. చర్చివాళ్లు పాట అందుకున్నాక భాయి వచ్చాడు. తల మీద టోపీతో గేటు దాటి రెండడుగులు వేసి, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు ఆగిపోయాడు. గుంటూరు నుంచి వచ్చిన ఆమె తమ్ముడి కొడుకుకు మేమెవరమూ తెలియదు. అతను పాట ఆపకుండానే భాయి వైపు చూశాడు. ఈయన ఫలానా అని చెబుదామని నేను నోరు తెరిచాను. ఈలోగా ఆ అబ్బాయే వెనక్కి నడిచి, తన గొడుగు అతని మీదికి సగం వంచి, మట్టి దగ్గరకు తీసుకొచ్చాడు. చిన్న గొడుగు. పాట అయ్యేదాకా ఇద్దరికీ చెరో భుజం తడుస్తూనే ఉంది.