సోయా కొవ్వొత్తి ముందు అనకూడని మాట

ముందు మంచి వార్త చెప్పనివ్వండి. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసయ్యాను. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. రిజల్ట్ వచ్చిన రోజు మా నాయిన ఆదిలాబాద్ జిల్లాలోని మా ఊళ్లో బస్సు దిగిన ప్రతి మనిషినీ ఆపి చెప్పాడట. ఏం చదివిందని ఎవరైనా అడిగితే "మైనం" అన్నాడట. అది అబద్ధమేమీ కాదు.

ఇక దయ్యాల సంగతి. కొరివి దయ్యమంటే చిత్తడి నేలలో పుట్టే గ్యాసని ఇంటర్‌లో చదివొచ్చి మా నానమ్మతో పోట్లాడినదాన్ని. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఈ చెప్పబోయేదాంట్లో దయ్యం ఉందని కూడా అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒకరోజు క్లాసులుంటే వారం ఉండేవి కావు. హాస్టల్ మూసేస్తే తార్నాకలో ఒక ఇంటి కింది గదిలో అద్దెకు దిగాను. పైన ఉండే ఓనరు ఆంటీ వాళ్లది కృష్ణా జిల్లా. నేను ధర్నాకు బయల్దేరుతుంటే మెట్ల మీదినుంచి పిలిచేవారు. "ఉప్మా తినేసి వెళ్లి మమ్మల్ని తిట్టమ్మాయ్. ఖాళీ కడుపుతో గొంతు లేవదు."

నా ప్రాజెక్టు సోయా మైనంతో కొవ్వొత్తులు చేయడం. మా నాయిన పండించేది సోయాబీనే. ఆ నూనెను గట్టిపరిస్తే మైనమవుతుందని తెలిశాక నాకు ఇంకో టాపిక్ కనబడలేదు. వైవా రోజున ఎగ్జామినర్ ముందు కొవ్వొత్తి నిలకడగా వెలగాలి. అది వెలగకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. మళ్లీ రాద్దామంటే పరీక్షలన్నీ వాయిదా పడుతున్న ఆ రోజుల్లో అది ఎప్పుడుంటుందో ఎవరికీ తెలియదు.

సోయా మైనం మొండిది. పైన ఉప్పు పేరినట్టు తెల్లపొడ కడుతుంది. బాగా వేడి మీద పోస్తే నడుమ గుంట పడుతుంది. వత్తి సన్నదైతే మంట అంచుదాకా కరిగించలేక, నడుమ బావి తవ్వుకుంటూ పోయి తను కరిగించిన మైనంలోనే మునిగిపోతుంది. పోసే వేడి తగ్గించాను. వత్తి లావు చేశాను. గ్లాసుల్లో పోశాక కొన్నాళ్లు కదపకుండా వదిలేశాను. చివరికి ఒక బ్యాచ్ చక్కగా కుదిరింది. గంటలకొద్దీ వెలిగింది.

ఆ సంతోషంలో కొన్నిటిని క్యాంపస్‌లో సాయంత్రం జరిగే కొవ్వొత్తుల ర్యాలీకి పట్టుకెళ్లాను. ఉద్యమం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల పేరున ఆ ర్యాలీ. నా స్నేహితురాలు రజిత, ఇంకొందరు నావి పట్టుకున్నారు. మిగతా అందరి చేతుల్లో కొట్లో కొన్న మామూలు కొవ్వొత్తులు. మైకులో ఒక అన్న గొంతెత్తి, "ఇవి ఆరిపోయెటి దీపాలు కావు" అన్నాడు.

నావన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. నావి మాత్రమే.

"ఏందే శ్యామల," అంది రజిత చేతిలోని గ్లాసు చూసుకుంటూ. "నీ సోయా గిట్ల సమైక్యాంధ్ర పార్టీల చేరిందా ఏంది?"

గాలి అనుకున్నాను. గ్లాసు లోపలి మంటకు గాలి తగలడం కష్టమే. అయినా గాలే అనుకున్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం గది కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి, కొవ్వొత్తిని టేబుల్ మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. డాబా మీదినుంచి ఆంటీ కేకేశారు. "శ్యామలా, నీ బట్టలు ఆరిపోయాయమ్మాయ్, తీసుకెళ్లు."

మంట పోయింది. మునగలేదు. వత్తి నిటారుగా ఉంది, చుట్టూ మైనం తేటగా ఉంది, పొగ తిన్నగా పైకి లేచింది.

మా ఊళ్లో బట్టలు ఎండుతాయి, ఆరవు. ఆ మాట మేం దీపానికే వాడతాం. అందుకే అది నా చెవిలో గుచ్చుకుంది. ర్యాలీలో అన్న అన్నదీ అదే కదా అనిపించింది.

ఆ రోజు నేను అన్నం తినలేదు. భయంతో కాదు, ఆత్రంతో. ఊపిరి తగలకుండా మంట మీద లాంతరు చిమ్నీ పెట్టాను. గది అవతలి మూల నిలబడి "ఆరు" అన్నాను. ఏమీ కాలేదు. "ఆరోగ్యం" అన్నాను, "ఆరాటం" అన్నాను. మంట కదల్లేదు. "ఆరిపోయింది" అన్నాను. పోయింది. రజితను పిలిపించి తలుపు బయట నిలబెట్టి అనిపించాను. అప్పుడూ పోయింది. పక్కనే వెలుగుతున్న మామూలు కొవ్వొత్తికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఆంటీ కిందికి వచ్చి గడప దగ్గరే నిలబడి చూశారు. "మా ఇంట్లో దీపాన్ని ఆ మాట అనం. కొండెక్కింది అంటాం," అన్నారు. "బట్టలకైతే ఫరవాలేదనుకున్నా. దీనికి తేడా తెలీదు కాబోలు, పసిది."

"కొండెక్కింది" అని నేనూ అని చూశాను. మంట హాయిగా వెలుగుతూనే ఉంది.

అదే మైనం, అదే వత్తితో మళ్లీ పోశాను. అవి ఏ మాటకూ జంకలేదు. కానీ మళ్లీ బావి తవ్వుకోవడం మొదలుపెట్టాయి. ఎంత సరిచేసినా కుదరలేదు. వైవా దగ్గరపడింది. నిలకడగా వెలిగేది ఆ మొదటి బ్యాచ్ ఒక్కటే. అదే పట్టుకుని వెళ్లాను.

"నువ్వయితే ఇంగ్లిష్‌లనే మాట్లాడు," అంది రజిత వరండాలో. "లోపట ఇంకెవరన్న నోరు జారితే నా జిమ్మ కాదు."

ఎగ్జామినర్ వేరే ఊరినుంచి వచ్చిన పెద్దాయన. సగం వైవా బాగానే గడిచింది. కరిగిన మైనం గ్లాసు అంచును తాకింది, బావి లేదు, మసి లేదు. నా ఇంగ్లీషు తడబడుతుంటే ఆయన జాలిపడ్డారు. "తెలుగుల చెప్పు బిడ్డా. మొదట్ల ఏమైంది? ఊకె ఆరిపోయిందా?"

మంట గోధుమగింజంత అయింది. నీలంగా మారి పక్కకు ఒరిగింది. ఆలోచించే వ్యవధి లేదు.

"కొండెక్కేది సార్," అన్నాను గట్టిగా. "కొండెక్కేది."

మంట మెల్లగా లేచి నిలబడింది.

ఆయన కళ్లజోడు తీసి కొవ్వొత్తినీ నన్నూ చూశారు. ఆయన పక్కనే కూర్చున్న మా గైడ్ సార్ కిటికీలోంచి బయటికి చూడసాగారు. ఇక దాచి లాభం లేదని ర్యాలీ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాను. డిగ్రీ పోయిందనే అనుకున్నాను.

"ఇప్పుడు నేను మళ్ల అంటే?" అన్నారాయన.

"మార్కులు వేసినంక అనండి సార్."

గైడ్ సార్ నుదురు పట్టుకున్నారు. పెద్దాయన నవ్వి, మార్కులు వేసి, కాగితం గైడ్ సార్ చేతికిచ్చారు. కుర్చీ వెనక్కి జరుపుకుని, నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఆ మాట అన్నారు. పోయింది. తనే అగ్గిపుల్ల గీసి వెలిగించి మళ్లీ అన్నారు. మళ్లీ పోయింది. ఇంకోసారి వెలిగించి ఇంగ్లీషులో అన్నారు, ఉర్దూలో అన్నారు. మంట కదల్లేదు.

"తెలుగు మీడియమున్నట్టున్నది," అన్నారు.

ఆ తర్వాత ముగ్గురం కారణం వెతుకుతూ కూర్చున్నాం. నాకు తోచిన కారణాలన్నీ చెప్పాను. గొంతులోని కంపనమన్నాను, వత్తిలో తేమ అన్నాను. ఒక్కోదానికీ పెద్దాయన తల అడ్డంగా ఊపారు. ఆయన చెప్పినవాటికి నేనూ అలాగే ఊపాను. లేస్తూ అన్నారు. "రిపోర్టుల ఇది పెట్టకు బిడ్డా. డిగ్రీ చేతికొచ్చినంక ఎక్కడన్న రాసుకో."

వచ్చింది. రాశాను. ఎందుకలా జరిగిందన్న దగ్గర ఏం రాయాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.