నా నలభై ఒక్క వేల అడుగులు

నడవకుండానే ఒక్క రోజులో నలభై ఒక్క వేల అడుగులు వేసిన మగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసుకోండి, మీ ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాను. ఆ ఘనకార్యానికి బహుమానంగా నా పొట్టలోకి సూది దిగబోయింది. ఎలాగో చెబుతాను, ముందు ఆ బిస్కెట్ల ప్లేటు ఇటు జరపండి.

మేం సౌదీలో, దమ్మాంలో ఉండే రోజులు. కెమెరా ఉన్న ఫోను కనబడితే నలుగురూ మూగి చూసే కాలం. మా ఆవిడ రాహేలు హాస్పిటల్లో నర్సు, నేను ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో స్టోర్ కీపర్ని. మా బిల్డింగు వెనకాల ఒకప్పుడు గూడ్సు బళ్ళు నడిచిన లైను ఉండేది. పట్టాలు పీకేసి, కట్ట చదును చేసి, ఎర్ర టైల్సు పరిచారు. ఒక పక్క నడిచేవాళ్ళకి, ఒక పక్క సైకిళ్ళకి. పాత రైలు కిలోమీటరు రాళ్ళు మాత్రం అలాగే ఉంచారు. ఊరంతా దాని మీదే నడిచేది. నేను మా మూడో అంతస్తు కిటికీలోంచి వాళ్ళ నడకలోని లోపాలు ఎంచుతూ ఉండేవాణ్ణి. నర్సాపురం రేవులో గోదావరిని ఒంటిచేత్తో ఈదినవాణ్ణి, రెండో చేతిలో గొడుగు పట్టుకుని మరీ! నాకు నడక ఒక లెక్కా?

లెక్కే అన్నాడు ఈజిప్టు డాక్టరు. షుగరు బాగా పెరిగింది, మూడు వారాలు రోజుకి పదివేల అడుగులు నడువు, అప్పటికీ తగ్గకపోతే ఇన్సులిన్ అన్నాడు. నడుముకి తగిలించుకునే అడుగుల మీటరొకటి చేతిలో పెట్టాడు. అగ్గిపెట్టంత ఉంటుంది, ఏడు రోజుల లెక్క పొట్టలో దాచుకుంటుంది. నాకు పామంటే భయం లేదు, పోలీసంటే భయం లేదు. సూదంటే మాత్రం... సరే, అది మా వంశంలోనే ఉంది.

మొదటి రోజు మొనగాడిలా బయల్దేరి, మా బిల్డింగుకి కూతవేటులోనే ఉన్న మూడో కిలోమీటరు రాయి దాకా వెళ్ళాను. అక్కడ ఒక మలయాళీ హోటలుంది. పరోటా వాసన నన్ను చొక్కా పట్టుకుని లోపలికి లాగింది, నా తప్పేం లేదు. రెండో రోజు పక్కింటాయన సైకిలు అడిగి తీసుకుని రివ్వున ఆ చివరి దాకా తొక్కొచ్చాను. మీటరు చూస్తే నలభై అడుగులు! సైకిలెక్కడానికీ దిగడానికీ వేసినవి. ఆ చక్రాల చాకిరీ దాని లెక్కలోకే రాలేదు.

మూడో రోజు నాకు మస్తాన్ దొరికాడు. కడప జిల్లా మనిషి, నలభై ఏళ్ళుంటాయి, ఆ దారంతా ఊడ్చే పని ఆయనది. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా ఆ కొసకీ ఈ కొసకీ చీపురు పట్టుకుని తిరుగుతూనే ఉంటాడు. నా మెదడులో వెయ్యి వోల్టుల బల్బు వెలిగింది. ఈ మిషను రోజూ పదివేలు తిరగాలిట, తిరక్కపోతే నాకు సూది పొడుస్తారట అని చెప్పాను. ఇందులో అబద్ధమేమైనా ఉందా? మనిషి తిరగాలన్న ముక్క ఒక్కటే చెప్పలేదు. మస్తాన్ కరిగిపోయాడు. "ఇంతేనా అన్నా, ఇట్లియ్యి," అని తీసుకుని తన బెల్టుకి తగిలించుకున్నాడు.

ఇంక చూడండి నా వైభవం! పొద్దున మీటరు ఆయనకిచ్చి నేను ఆఫీసు వేళ దాకా పరోటా దగ్గర కూర్చునేవాణ్ణి. సాయంత్రం తీసుకుని, మొహం మీద రెండు చుక్కలు నీళ్ళు చల్లుకుని ఇంటికి. ఒకరోజు పద్నాలుగు వేలు, ఒకరోజు పదహారు వేలు. రాహేలు మురిసిపోయి వేణ్ణీళ్ళలో ఉప్పేసి నా కాళ్ళకి కాపడం పెట్టేది. నేను కళ్ళు మూసుకుని మూలిగేవాణ్ణి. ఆ మూలుగు మీరు విని ఉంటే ఏడ్చేవారు.

మూడో వారం బుధవారం సాయంత్రం వెళ్తే మస్తాన్ లేడు. మీటరూ లేదు. ఏదో ఊరు వెళ్ళాడు, శనివారం వస్తాడని తోటి పనివాడు చెప్పాడు. అప్పట్లో గురు, శుక్రవారాలు సెలవు కదా, మీటరు ఆఫీసులో మర్చిపోయానని ఇంట్లో చెప్పి గండం గట్టెక్కాను. శనివారం తెల్లారి మస్తాన్ కనిపించగానే మాట కూడా ఆడనివ్వకుండా మీటరు లాక్కుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆ మూడు వారాల్లో నేను నిజంగా కాళ్ళు కదిపింది అదే.

డాక్టరు మీటరు నొక్కి చూశాడు. గురువారం నలభై ఒక్క వేలు! కుర్చీలోంచి లేచి నాకు షేక్‌హాండిచ్చాడు. ఆఫీసు బల్ల మీద పడున్న మీటరు అన్ని అడుగులెలా వేసిందని, డ్యూటీలోంచి వచ్చి పక్కన నిలబడ్డ రాహేలు నా వైపు చూసింది. మర్చిపోయింది బుధవారం ఒక్కరాత్రే, గురువారం తెల్లారే వాచ్‌మన్ని లేపి తెచ్చుకున్నానని అప్పటికప్పుడు అల్లేశాను. తర్వాత డాక్టరు రక్తం రిపోర్టు తీశాడు. షేక్‌హాండు వెనక్కి తీసుకున్నంత పని చేశాడు. షుగరు ముందుకంటే పెరిగింది! ఇంత ఘోరంగా నడిచినా తగ్గలేదంటే నీ జబ్బు మామూలుది కాదు, మాత్రలు నీకు చాలవు, ఈ రాత్రి నుంచే ఇన్సులిన్ అన్నాడు.

చూశారా నా తెలివి? అసలు నడవలేదని ఒప్పుకుంటే సూది తప్పుతుంది, పరువు పోతుంది. ఒప్పుకోకపోతే పరువు ఉంటుంది, పొట్టకి చిల్లులు పడతాయి. దారి పొడుగునా ఆలోచించి పరువు వైపే మొగ్గాను. పక్కన రాహేలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

రాత్రి భోజనం ముందు సూది సిద్ధం చేసింది. "ఇంత కష్టపడ్డారు, ఆ దేవుడికి జాలి లేకపోయింది, చొక్కా ఎత్తండి," అంది. ఎత్తాను. యుద్ధంలో బల్లేనికి రొమ్ము విరిచిన వీరుడిలా నిలబడ్డాను, కళ్ళు మాత్రం మూసుకున్నాను. అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

మస్తాన్! గుండు చేయించుకుని, ఒక చేతిలో ఖర్జూరాల పెట్టె, ఇంకో చేతిలో జమ్‌జమ్ నీళ్ళ డబ్బా.

"వొదినా, నేను ఈ ఎనకాల దారి ఊడ్చే మస్తాన్‌ని. ఉమ్రా యాత్రకు మక్కాకు పోయొచ్చినా. అన్న మిషను నా నడుముకే ఉండిపాయ. యాడన్నా పోతాదేమోనని ఆడ కట్టే తెల్లగుడ్డ మీద, ఇహ్రాం బెల్టుకే తగిలించుకున్యా. అన్న షక్కర తగ్గాలని కాబా సుట్టూ రెండు తవాఫులు ఎక్కువే తిరిగినా వొదినా. పొద్దున జెప్పుదామంటే అన్న నిలబడకపాయ."

నేను ఒక కన్ను తెరిచాను. రాహేలు సూదికి మెల్లిగా మూత పెట్టింది.

"మిగతా రోజులు కూడా మీ నడుముకేనా తమ్ముడూ?"

"దినామూ నాకే గద వొదినా. మిషను తిరగాలని డాక్టరు జెప్పినాడంట."

రాహేలు ఆయన్ని కూర్చోబెట్టి, పళ్ళెంలో అన్నం, రొయ్యల కూర వడ్డించింది. నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.  ఆయన తిని వెళ్ళాక ఆవిడ నన్నన్న మాటలు చాలా ఉన్నాయి, అవి మీకెందుకు.

మర్నాడు రాహేలు నా చేతే అంతా ఒప్పిస్తే డాక్టరు ఇంకో మూడు వారాలు గడువిచ్చాడు. మీటరు నా నడుముకి, నా కాపలా మస్తాన్‌కి అప్పజెప్పింది మా ఆవిడ. ఆయన ముందు ఊడుస్తూ నడవాలి, నేను వెనకాలే నడవాలి. హోటలు దగ్గరికి వచ్చేసరికి చీపురు అడ్డం పెట్టేవాడు. "అన్నా, నీకోసం దేవుని ఇంటికాడ అడిగొచ్చినా. నన్ను అబద్ధాలోణ్ణి జెయ్యద్దు," అనేవాడు. ఆ మాటకి ఎదురు చెప్పే మగాడు ఇంకా పుట్టలేదు. షుగరు తగ్గింది. సూది తప్పింది.

ఆ ఊళ్ళో పద్నాలుగేళ్ళున్నాను. ఇప్పటికీ ఎవరైనా సౌదీ అంతా చూశారా అండీ అని అడిగితే దాచను. నా మీటరు మక్కా దాకా వెళ్ళొచ్చింది, నేను మూడో రాయి దగ్గర పరోటా దాకా వెళ్ళొచ్చాను.