ఇద్దరు ఆష్టన్ల పెళ్ళి

1999 నవంబరు 14, ఆదివారం. సిడ్నీ, టూంగాబీ. ఉన్నవారు: నేను, మా అబ్బాయి రఘు, పక్కింటి పెద్దాయన ఆష్టన్.

ఆఫీసులో వైటూకే కంప్యూటర్ పని నుంచి రఘుకు ఆ ఒక్కరోజు సెలవు దొరికింది. పెరట్లో టీ తాగుతుండగా ఆష్టన్ వచ్చి మనవరాలి పెళ్ళికి పిలిచారు. శుభలేఖలో పెళ్ళికొడుకు ఇంటిపేరు కూడా ఆష్టనే.

"ఒకే ఇంటిపేరా? మాలో అయితే అన్నాచెల్లెళ్ళ వరస. పెళ్ళి చెయ్యరు," అన్నాను ఇంగ్లీషులో.

"నాన్నా, వెడ్డింగ్ నెక్స్ట్ సాటర్డే. కాస్త ఆగండి," అన్నాడు రఘు తెలుగులో.

ఆష్టన్ నవ్వారు. "అది ఊరి పేరు, మేట్. ఇంగ్లండులో ఆ పేరుతో చాలా ఊళ్ళున్నాయి. ఏ ఊరి నుంచి వచ్చినా ఆష్టనే."

"మరి మీది వాటిలో ఏ ఊరు?"

ఆయన నవ్వు ఆగింది. తెలియదన్నారు.

మా ఇంటిపేరూ ఊరి పేరే, కానీ ఆ ఊరు ఒక్కటే. పేరు ఒకటై ఊళ్ళు వేరైతే వరస ఎలా కలపాలో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఉదయం ఆయన కంచె దగ్గర నిలబడి ఉన్నారు. "పెళ్ళికొడుకు తాతకు ఫోన్ చేశాను. వాళ్ళ ఊరేదో ఆయనకూ తెలియదట. ఇలాంటప్పుడు మీలో పెళ్ళి ఆపుతారా?" అని అడిగారు.

ఆపవద్దన్నాను. శనివారం పెళ్ళికి వస్తామని కూడా చెప్పాను.