ఆయుధపూజ కారు, మా అవ్వ డయాలసిస్

పండగ రద్దీకి భయపడి ఈ రోజు ఆరింటికే ఆటో మాట్లాడాను. అవ్వను డయాలసిస్‌కు నెల్లూరు తీసుకెళ్లాలి. బయటికొస్తే ఆత్మకూరులోని మా సందు మొదట్లో పక్కింటాయన కారు అడ్డంగా ఉంది. పూలదండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆటో లోపలికి రాలేదు. అవ్వ నడవలేదు.

"కారు కాస్త తియ్యన్నా" అన్నాను.

"పూజ కాకుండా కదిలించకూడదమ్మా. అయ్యోరు పదింటికొస్తాడు. పండగపూట ఆసుపత్రేంది?"

"నా కిడ్నీలకు సెలవు లేదు నాయనా" అనింది అవ్వ.

చివరికి ఆటో అన్నా నేనూ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, గోడకు ఆనుకుంటూ మోశాం. ఆయన కదల్లేదు. "దండకు తగలనీయొద్దు" అన్నాడు.

మేం చేరేసరికి మా వంతు ఇంకొకరికిచ్చేశారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం.

మనిషికి దారివ్వని కారును ఏ దేవుడు కాపాడతాడో, తెలిసినవాళ్లు చెప్పండి.